బాలింత కుట్ల సంరక్షణ: సోలాపూర్ నేత పేటలు

ప్రసవంలో యోనికీ మలద్వారానికీ నడుమ భాగం చిరిగినా, వైద్యులు కోత పెట్టినా, నొప్పి తగ్గి పుండు మానేలా మంత్రసాని చేసే సేవ ఇది. కోత అందరికీ అలవాటుగా పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది.

తెలంగాణ నుంచి వలసవచ్చిన పద్మశాలీలు సోలాపూర్ తూర్పు పేటల్లో మగ్గాలు నేస్తే, ఆడవాళ్లు బీడీలు చుడతారు. చాట ఒడిలో పెట్టుకుని గంటల తరబడి బాసింపట్టు వేసుకుని కూర్చోవడం పచ్చి కుట్లకు భారం. వీరికి మందుకన్నా ముందు కావలసింది పనినుంచి విరామం. ముక్కకు ఇంత కూలి అన్న లెక్కలో దొరకనిదీ అదే.

మొదటి రెండు మూడు రోజులు గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పది ఇరవై నిమిషాలు అద్దితే వాపు, నొప్పి తగ్గుతాయి. పారాసెటమాల్ పాలిచ్చే తల్లికీ సురక్షితమే. ముందునుంచి వెనక్కి కడుక్కోవాలి, తడి గుడ్డ మార్చాలి. పథ్యం పేరుతో నీళ్లు, కూరలు తగ్గిస్తే మలబద్ధకం వచ్చి కుట్లు లాగుతాయి. గోరువెచ్చని నీటి స్నానం మంచిదే; నిప్పుల సెగ మాత్రం పుండుకు తగలనివ్వకూడదు. కుట్లు చాలావరకు వాటంతటవే కరిగిపోతాయి. జ్వరం, దుర్వాసన, చీము, పెరిగే నొప్పి, మలమూత్రాలు ఆగకపోవడం కనిపిస్తే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి రావాలి. ఇలాంటి సేవ చేసే శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లను వీరి సొంత ప్రాంతమైన తెలంగాణ 2017లో కరీంనగర్‌లో తయారుచేయడం మొదలుపెట్టింది.