బెజ్జం దగ్గర పేచీ

1836లో మైకేల్ ఫారడే లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 12 అడుగుల చట్రం కట్టించి, దానికి లోహపు తొడుగు వేయించి లోపల కూర్చున్నాడు. బయట విద్యుత్ మెరుపులు పెటపెటలాడుతున్నా లోపలి పరికరంలో చలనం లేదు. రేడియో ఇంకా పుట్టనే లేదు, దాన్ని చెడగొట్టే గోలకు మందు మాత్రం దొరికింది.

అయితే పనిచేసే పరికరాన్ని పూర్తిగా మూసేయలేం. యాంటెనా కావాలి, కరెంటు తీగ కావాలి. తొడుగుకు బెజ్జం తప్పదు. తర్వాతి పేచీ అంతా అక్కడే.

టెలిఫోన్ తీగల్లోకి పక్క తీగల గోల చొరబడుతుంటే, 1881లో గ్రాహంబెల్ రెండు తీగల్ని మెలిపెట్టాడు. రెండింటికీ సమానంగా సోకిన అలజడి చివర్లో చెల్లుకు చెల్లు. రేకు ముక్కైనా వాడని రక్షణ! నా లెక్కలో ఈ చరిత్ర మొత్తంలో ఇంత తెలివైన ఉపాయం మరొకటి లేదు. ఇవాళ్టి నెట్ కేబుల్లోనూ అదే మెలిక.

మోటారు కార్లొచ్చాక వాటి స్పార్క్ ప్లగ్గులే చిన్నచిన్న రేడియో స్టేషన్లయ్యాయి. రేడియో వినేవాణ్ణి కాదు, గోల చేసేదాన్ని అదుపు చేయాలన్న ఆలోచన అప్పుడు బలపడింది. ఆ పనికే 1934లో సీఐఎస్‌పీఆర్ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ప్లగ్గుల్లో రెసిస్టర్లు చేరాయి. అయినా దూరదర్శన్ రోజుల్లో వీధిలో స్కూటర్ వెళ్తే మన టీవీ తెర మీద తెల్ల చుక్కలు బారులు తీరేవి.

గోల ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకబోయి అదృష్టం పండినవాడు ఇంజనీరు కార్ల్ జాన్‌స్కీ. న్యూజెర్సీ పొలంలో ఫోర్డ్ కారు చక్రాల మీద తిరిగే యాంటెనా కట్టి, 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర చెవి పెట్టాడు. ఉరుముల గరగర పోను మిగిలిన సన్నని రొద పాలపుంతదని 1933లో తేల్చాడు. రేడియో ఖగోళశాస్త్రానికి అదే నాంది.

బెజ్జం ఉన్నంత మాత్రాన ముప్పనుకోనక్కర్లేదు, దాని కొలతే ముఖ్యం. 1975లో ఉపగ్రహ టీవీ ప్రయోగం 'సైట్' ఆంధ్రప్రదేశ్ పల్లెలకూ వచ్చింది. దాని డిష్‌లకు వాడింది కోళ్లగూటి జాలీయే. ఉపగ్రహం పంపే 35 సెంటీమీటర్ల అలకు ఆ కన్నాలు కనబడవు, జాలీ అంతా గోడే.

ఇప్పుడు కారు తాళంచెవి సంకేతాన్ని దొంగలు దూరం నుంచే అందుకుంటున్నారని లోహపు గుడ్డ సంచులు అమ్ముతున్నారు. మూత సరిగా పడకపోతే అది వట్టి సంచే. ఫోన్‌ని మాత్రం ఆన్‌లో ఉంచి అందులో వేయకండి, టవర్ కోసం వెతికి వెతికి బ్యాటరీ తినేస్తుంది.