రాత్రికేం వండుతున్నారు?

పొద్దు వాలి వీధిదీపాలు వెలిగే వేళకు మన ఆడవాళ్ళు ఒకరినొకరు పలకరించుకునే మాట ఇదే గదా! గోడ మీంచి పొరుగింటావిడ అడుగుతుంది, కూరగాయల బండి దగ్గర ఎదురింటావిడ అడుగుతుంది, ఫోన్లో చెల్లెలు అడుగుతుంది. ఇంత ముఖ్యమైన ప్రశ్న మన చరిత్రకారులకు మాత్రం తోచినట్టు లేదు. నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. కాకతీయులు తవ్వించిన చెరువుల మీద, గోల్కొండ వజ్రాల మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ చెరువుల కింద పండిన గింజల్ని దంచిందెవరు, వండిందెవరు, వండినావిడ ఎప్పటికి తిన్నది అన్న ప్రశ్న ఒక్క పేపర్లోనూ రాలేదు.

అంతెందుకు, శ్రీనాథ మహాకవినే తీసుకోండి. రెడ్డిరాజుల కొలువులో భోగాలన్నీ చూసినవాడు. పలనాడు వెళ్ళి, అక్కడి జొన్నకూడు మింగుడు పడక విసుక్కుంటూ చాటుపద్యాలు చెప్పాడని ప్రతీతి. 15వ శతాబ్దం నాటి ఆ విసుగును మనవాళ్ళు ఇప్పటికీ సభల్లో చదివి నవ్వుకుంటారు. ఆ కూడు వండి వడ్డించిన ఇల్లాలు కవిగారి మొహం చూసి ఏమనుకున్నదో ఎవరూ రాసి పెట్టలేదు.

మా నాగారం ఈసీఐఎల్ నుంచి కీసరగుట్టకు పోయే దారిలో ఉంది. ఇప్పుడు చూస్తే అపార్టుమెంట్లు, బేకరీలు, సాయంత్రమయ్యేసరికి జనం మూగే కర్రీ పాయింట్లు. మా అత్తమ్మ ఇక్కడికి కోడలిగా వచ్చిన నాటికి ఇదొక పల్లె. చెరువు కింద కాస్త వరి, మిగతాదంతా వాన దయమీద పండే చెల్క. చెల్కలో జొన్న, కంది, ఆముదం. ఆవిడ ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో, అంటే 1951-52లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే అనే ఆచార్యులు తన బృందంతో మాకు పొరుగునే ఉన్న శామీర్‌పేటకు వచ్చి, ఆ ఊరి బతుకునంతా పరిశీలించి 1955లో 'ఇండియన్ విలేజ్' అని పుస్తకం వేశారు. దేశదేశాల విద్యార్థులు చదివిన పుస్తకం అది. అందులో ఊరివాళ్ళ జీవన ప్రమాణాలకే ఒక అధ్యాయం ఉంది. నాకు మాత్రం మా అత్తమ్మే పుస్తకం. వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగితే ఏ అధ్యాయమైనా చెబుతుంది.

"మీ రోజుల్లో రాత్రికి ఏం వండేవాళ్ళు అత్తమ్మా? అన్నమేనా?" అన్నాను ఒకసారి.

"బువ్వా? బువ్వ ఎక్కడిది బిడ్డా! పండుగకొకపారి, సుట్టమొస్తె ఒకపారి. దినాం రొట్టె, లేకుంటె గట్క."

చెరువు కింద పండిన వడ్లు ఏమయ్యేవని మీరు అడగవచ్చు. వడ్లంటే డబ్బు. కౌలు కింద కొంత, అప్పు కింద కొంత పోగా మిగిలింది బజారుకు పోయేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం ప్రభుత్వం లెవీ పేరుతో రైతుల దగ్గర ధాన్యం గుంజుకున్న కథలు అత్తమ్మ తన అత్తగారి నోట విన్నది. వరి పండించినవాళ్ళు జొన్న తిన్నారు. విచిత్రమేమిటంటే, జొన్న తిని చెయ్యి కడుక్కున్న మనిషిని కూడా "అన్నం తిన్నవా?" అనే పలకరించేవారు. గిన్నెలో లేని బియ్యం మాటలో ఉండేది!

జొన్నపిండి సంగతి చేతులు పెట్టి చూసినవాళ్ళకే తెలుస్తుంది. గోధుమపిండికున్న సాగే గుణం దీనికి లేదు. చపాతీ కర్రతో ఒత్తబోతే అంచులు పగులుతాయి. అందుకని వేడినీళ్ళు పోసి, అరచేతితో బాగా మెదిపి, ముద్దను పీట మీద పెట్టి ఒక చేత్తో తిప్పుతూ ఒక చేత్తో కొడుతూ వెడల్పు చేయాలి. పెంక మీద వేసి, పైన తడిచెయ్యి రాసి, తిరగేసి, చివరికి నిప్పుల మీద పొంగించాలి. ఒకటి కాలుతుండగానే రెండోదానికి పిండి మెదపాలి. నెల రోజులకు సరిపడా ఒకేసారి విసిరి పెట్టుకుందామా అంటే, నిలవైతే పిండి చేదెక్కుతుంది. కాబట్టి కోడి కూయకముందే లేచి ఇసుర్రాయి ముందు కూర్చోవడం తప్పదు. ఊళ్ళోకి గిర్ని వచ్చేదాకా ఇదే వరస. గట్క తేలికనుకునేరు! జొన్నలు తడిపి దంచి, పొట్టు చెరిగి, రవ్వగా విసిరి, మరిగే ఎసట్లో పోసి ఉండ కట్టకుండా తెడ్డుతో కలియబెడుతూ ఉండాలి. గట్కలోకి పచ్చిపులుసు, కాకుంటే చల్ల. రొట్టెలోకి పుంటికూర పప్పో, గంగవాయిలి కూరో, ఏమీ లేనినాడు ఎల్లిపాయ కారమో.

ఆ కారంలోని మిరపకాయ పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి అమెరికా ఖండం నుంచి వచ్చి 500 ఏళ్ళే అయింది. మక్క గట్కలోని మక్కలకూ అదే పుట్టిల్లు. శ్రీనాథుడు పాపం మిరపకాయ రుచి ఎరగడు. ఎరిగి ఉంటే జొన్నల మీద అంత కోపం వచ్చేది కాదేమో!

నన్ను పట్టి నిలిపిన మాట ఇవేవీ కావు. ఇంట్లో తొమ్మిదిమంది. మనిషికి రెండేసి చొప్పున పద్ధెనిమిది రొట్టెలు. రొట్టె వేడిమీదే మెత్తన, చల్లారితే బిరుసెక్కుతుంది. కాబట్టి మామగారు, మరుదులు, పిల్లలు పొయ్యి దగ్గర కూర్చుని తింటుంటే పెంక మీది రొట్టె పెంక మీంచే వాళ్ళ పళ్ళెంలోకి పోయేది. తర్వాత అత్తగారు. అందరిదీ అయ్యాక, పొగకు మండుతున్న కళ్ళు కొంగుతో తుడుచుకుని కోడలు. ఒక్కోనాడు పిండి చాలేది కాదు.

"నా రొట్టె నేను ఏడిగ తిన్నది యాదికి లేదు" అంటుంది అత్తమ్మ. ఆ మాట ఫిర్యాదులా అనదు. ఫలానా ఏడు వానలు పడలేదని చెప్పినట్టు చెబుతుంది.

1983 జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం వచ్చింది. ఏప్రిల్లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. బీదవాళ్ళకు మనిషికి 5 కిలోలు, ఇంటికి నెలకు 25 కిలోలకు మించకుండా. ఖజానా గుల్లవుతుందని కొందరు, పేదవాడి కడుపు నిండుతుందని కొందరు పత్రికల్లో బోలెడంత వాదించుకున్నారు. దొడ్డుబియ్యం, పురుగుల బియ్యం అన్న వెక్కిరింతలూ వినిపించాయి. ఇన్ని మాటల్లోనూ, అన్నం ఒక గిన్నెలో ఒకేసారి ఉడుకుతుందన్న చిన్న సంగతి ఎవరికీ పట్టలేదు. బియ్యం కడిగి ఎసట్లో పోసి, గంజి వార్చి దించితే ఇంటిల్లిపాదికీ అయిపోయినట్టే. దంచక్కర్లేదు, విసరక్కర్లేదు, ఒక్కొక్కటే కొట్టక్కర్లేదు.

"గా యేడాది సంది రాత్రిపూట నేను గూడ అందరితోటి కూసున్న" అంది అత్తమ్మ.

ఆ పథకం మీద వచ్చిన లెక్కల్లో ఈ లెక్క ఎక్కడ చేరుతుందో అర్థశాస్త్రం చదివినవాళ్ళు చెప్పాలి.

బియ్యం రావడానికి రేషన్ దుకాణం ఒక్కటే కారణమంటే నేనొప్పుకోను. బోర్లు పడి చెల్కలు కూడా తరి పొలాలయ్యాయి. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లను అమ్ముకున్నాక జొన్నచొప్పతో పని తీరిపోయింది. జొన్న వేసేది సగం మనుషుల కోసమైతే సగం పశువుల కోసం మరి. ఈసీఐఎల్ 1967లో, అణు ఇంధన కేంద్రం 1971లో మొదలయ్యాక ఉద్యోగాల కోసం నానా జిల్లాలవాళ్ళూ ఈ దిక్కుకు వచ్చారు. కోస్తావాళ్ళ ఇంట ముద్దపప్పు-ఆవకాయ, అరవవాళ్ళ ఇంట సాంబారు, ఉత్తరాదివాళ్ళ ఇంట చపాతీ. బాపట్లలో తయారైన సాంబ మసూరి 1986లో విడుదలయ్యాక (బజార్లో బీపీటీ అంటే తప్ప ఎవరికీ తెలీదు) సన్నన్నం గౌరవమైంది, గట్క నామోషీ అయింది. చుట్టాలొస్తే గట్క గిన్నెను అటక మీద దాచిన ఇళ్ళు ఉన్నాయి. 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చిన ఇళ్ళలో కట్టెల పొయ్యి వెనకబడింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మనిషికి 6 కిలోలు చేసి, ఇంటికింతేనన్న హద్దు తీసేసింది. 2025 ఉగాది నుంచి రేషన్లో సన్నబియ్యమే ఇస్తున్నారు.

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. రాత్రిపూట అన్నం మానండి, జొన్నరొట్టె తినండి అని డాక్టర్లు చెబుతున్నారు. షుగరు లేని ఇల్లు మా వీధిలో వెతకాల్సిందే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది. "మన పెద్దవాళ్ళు జొన్నలు తిని ఉక్కు పిండాల్లా ఉండేవారు" అని మగవాళ్ళ ఉపన్యాసాలకూ కొదవ లేదు.

ఉక్కు పిండాల మాట కొంచెం ఆగి చూద్దాం. మేము సికింద్రాబాదు వెళ్ళివచ్చే దారిలో తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి మారింది. ఆ సంస్థకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య గార్లు 1960లో ఒక సంగతి రాశారు. దక్కనులో జొన్నే తిండిగా బతికే పేదవాళ్ళకు పెలగ్రా అనే జబ్బు వస్తోందని. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు రేగుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. జొన్నలో లూసిన్ అనే పదార్థం మోతాదు మించి ఉండటం వల్ల, నయాసిన్ అనే విటమిను ఒంటికి అందడం లేదని వాళ్ళ వాదం. దానిమీద తర్వాత చాలా చర్చ జరిగింది. అయితే జొన్న తిండి తగ్గినకొద్దీ హైదరాబాదు ప్రాంతంలో ఆ జబ్బూ తగ్గుతూ వచ్చింది. నన్నడిగితే తప్పు జొన్నది కాదంటాను. జొన్న పక్కన పప్పు, పాలు, కూర లేని పళ్ళేనిది. ఇవాళ మూడు పూటలా అన్నమే కలుపుకునే పళ్ళెం కూడా దానికి చెల్లెలే.

డాక్టరుగారు చీటీ మీద జొన్నరొట్టె అని రాసి ఊరుకుంటారు. కొట్టేదెవరో రాయరు. ఆఫీసు నుంచి ఏడు గంటలకు వచ్చే కోడలు పీట ముందు కూర్చుని ముద్ద తిప్పాలంటే ఎలా? మా ఇంట్లో మావారికి రాత్రికి రెండు రొట్టెలు కావాలి. నాకు చేతకాదు, అత్తమ్మ మోకాళ్ళు సహకరించవు. "నీ మొగనికి గావాలంటె ఆన్నే కొట్టుకొమ్మను" అని ఆవిడే తీర్పు చెప్పింది. మావారు రెండు రోజులు పీట ముందు కూర్చున్నారు. మూడో రోజు సంచీ పట్టుకుని రోడ్డెక్కారు.

రోడ్డు మీద ఏముందంటారా? సాయంత్రం అయ్యేసరికి పెద్ద రోడ్డు పక్కన బల్లలు పెట్టుకుని, పొయ్యిలు వెలిగించుకుని ఆడవాళ్ళు జొన్నరొట్టెలు కొడుతుంటారు. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినిపిస్తుంది. కార్లు ఆపి మరీ కొనుక్కుపోతున్నారు. నేను చదివిన చరిత్రలో రొట్టె కొట్టినావిడకు రొట్టెకింత అని డబ్బు చేతిలో పెట్టిన కాలం ఇంకోటి కనబడదు. మేము కొనే ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. చూస్తుండగానే పన్నెండు రొట్టెలు దించింది, నుదుటి చెమట భుజానికి తుడుచుకుంటూ.

"రాత్రికి మీ ఇంట్లో ఏం వండుతారమ్మా? ఇవేనా?" అని అడిగాను చిల్లర తీసుకుంటూ.

"రొట్టెలా? ఇంటికి పోయి గూడ కొడ్తనా అక్కా!" అని నవ్వింది. "రేషన్ బియ్యం ఉన్నయ్ గద. మా పిల్ల కుక్కర్ల పెట్టేసుంటది. టమాటచారు చేస్కుంటం, ఒక్కకాడ కూసోని తింటం."