రిఫ్లెక్సాలజీ

అరికాళ్లలోనూ, కొంతవరకు అరచేతుల్లోనూ చెవుల్లోనూ నిర్దిష్టమైన చోట్లను వేళ్లతో నొక్కుతూ చేసే చికిత్స రిఫ్లెక్సాలజీ. శరీరంలోని ప్రతి అవయవానికీ పాదంలో ఒక చోటుంటుందని, అక్కడ నొక్కితే ఆ అవయవం పనితీరు మెరుగుపడుతుందని దీన్ని పాటించేవారి నమ్మకం. వారి పటంలో కాలివేళ్లు తలకు, వేళ్ల కింది మెత్తటి భాగం ఊపిరితిత్తులకు, పాదం వంపు జీర్ణావయవాలకు, మడమ కటిభాగానికి, లోపలి అంచు వెన్నెముకకు చెందుతాయి. కాలేయం కుడిపాదంలో ఉంటుంది. మామూలుగా కాళ్లు పట్టడానికీ దీనికీ ఉన్న తేడా అంతా ఈ పటమే. కాబట్టి రిఫ్లెక్సాలజీ నిజమా కాదా అని అడగడమంటే, ఈ పటం నిజమా కాదా అని అడగడమే.

చరిత్ర

ఇది వేల ఏళ్లనాటి విద్య అని ప్రచారంలో ఉంది. ఈజిప్టులో సక్కారా వద్ద ఉన్న అంఖ్‌మహోర్ సమాధి గోడమీద, ఒకరి కాళ్లూ చేతులూ మరొకరు పట్టుకున్న చిత్రాన్ని సాక్ష్యంగా చూపుతారు. ఆ చిత్రంలో అవయవాల పటం జాడ మాత్రం లేదు. ఇప్పటి పద్ధతికి మూలం 20వ శతాబ్దపు అమెరికా. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో చెవి, ముక్కు, గొంతు వైద్యుడిగా ఉన్న విలియం ఫిట్జెరాల్డ్ శరీరాన్ని నిలువునా పది మండలాలుగా విభజించాడు. ఒక మండలంలో ఒకచోట ఒత్తిడి పెడితే అదే మండలంలో మరోచోట నొప్పి తగ్గుతుందన్నాడు. ఎడ్విన్ బవర్స్‌తో కలిసి 1917లో ‘జోన్ థెరపీ’ పుస్తకం తెచ్చాడు. వేళ్లకు రబ్బరు బ్యాండ్లు బిగించడం, బట్టలారేసే క్లిప్పులు తగిలించడం, దువ్వెనను గుప్పిట్లో గట్టిగా పట్టుకోవడం వంటివి అందులోని చిట్కాలు. ఈ పద్ధతిని పాదాలకు తెచ్చి, వాటిమీద పటం గీసిన వ్యక్తి ఫిజియోథెరపిస్టు యూనిస్ ఇంగమ్. ఆమె పుస్తకం 1938లో వచ్చింది. తైవాన్‌లో దీనికి ఆదరణ రావడానికి ముఖ్య కారకుడు జోసెఫ్ యూగ్‌స్టర్ అనే స్విట్జర్లాండ్ క్యాథలిక్ ఫాదర్. తూర్పుదేశాల ప్రాచీన విద్యగా పేరు పడ్డదానికి ఇది చిత్రమైన వంశావళే.

ఆధారాలు

పాదంలో నరాలు దండిగా ఉన్న మాట నిజం. కానీ అరికాలి వంపులోని ఒక బిందువు నుంచి ఫలానా అవయవానికి నేరుగా దారి ఉందని శరీరశాస్త్రం చూపలేదు. పాదంలో పేరుకున్న స్ఫటికాలను నలిపి కరిగిస్తామనే మాటకూ రుజువు లేదు. పైగా ఒక సంప్రదాయం వారి పటం మరొకరి పటంతో పూర్తిగా కలవదు. పరిశోధకుడు ఎడ్జార్డ్ ఎర్న్‌స్ట్ 2009లో 18 నియంత్రిత ప్రయోగాలను సమీక్షించి, ఏ జబ్బుకైనా ఇది పనిచేస్తుందని నమ్మదగ్గ ఆధారం లేదని తేల్చారు. ఆస్ట్రేలియా 2019 ఏప్రిల్ నుంచి ప్రైవేటు ఆరోగ్య బీమా రాయితీ వర్తించని 16 సహజ చికిత్సల్లో దీన్నీ చేర్చింది. ఇక హాయి సంగతి వేరు. శ్రద్ధగా కాళ్లు పడితే ఒళ్లు తేలికపడుతుంది, ఆందోళన తగ్గుతుంది. దానికి పటం అక్కర్లేదు.

భారతదేశంలో

ఆయుష్ కింద ప్రభుత్వం గుర్తించిన పద్ధతుల్లో ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి ఉన్నాయి. రిఫ్లెక్సాలజీ లేదు. ఆయుర్వేదంలోని పాదాభ్యంగం కాళ్లకు నూనె మర్దన మాత్రమే, దీనికి చుట్టం కాదు. చికిత్సా కేంద్రం గోడమీద కనిపించే రిఫ్లెక్సాలజీ సర్టిఫికెట్‌ను వైద్య రిజిస్ట్రేషన్‌గా భావించకూడదు.

జాగ్రత్తలు

వైద్యుడి మందులు వాడుతూనే ఊరట కోసం చేయించుకుంటే అది అనుబంధ చికిత్స. మందులు మాని దీన్నే నమ్ముకుంటే ప్రత్యామ్నాయ చికిత్స. పెద్ద ప్రమాదం రెండోదానిలోనే. నయమయ్యే దశలోని క్యాన్సర్‌కు ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్నవారిలో మరణ ముప్పు రెండున్నర రెట్లు ఎక్కువని అమెరికాలోని యేల్ పరిశోధకులు 2018లో ప్రచురించారు. పాదం చూసి కిడ్నీ జబ్బు చెబుతానన్నా, ఇన్సులిన్, బీపీ, మూర్ఛ మాత్రలు ఆపమన్నా అక్కడి నుంచి లేచి రావాలి. పక్కనే అమ్మే మూలికా పొడులు రక్తాన్ని పలచబరిచే మందులతో పొసగకపోవచ్చు, డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు.

ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు. మర్దన చేస్తే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ముప్పుంది. విరిగిన ఎముక, మానని పుండు, చీము పట్టిన గాయం ఉన్నా ముట్టుకోనివ్వకూడదు. గర్భిణులు ముందుగా తమ డాక్టరును అడగాలి. మధుమేహులు మరీ జాగ్రత్తగా ఉండాలి: అరికాలికి స్పర్శ పోయినవారికి బుడిపెల ఆక్యుప్రెషర్ చెప్పులు, పార్కుల్లోని గులకరాళ్ల బాట గాయం చేసినా తెలియదు. స్పర్శ ఉందో లేదో డాక్టర్లు 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాను పోగును అరికాలికి తాకించి చూస్తారు. ఆ తాకిడి తెలియనివారు ఈ బుడిపెల చెప్పులూ, గులకరాళ్ల బాటా, గట్టిగా నొక్కించుకోవడమూ అన్నీ మానుకోవాలి.