బోనా: జీతం లేని చాకిరీకి మరిగే నీళ్ల జవాబు

ఫిలిప్పీన్స్ సినిమాల్లో పనిమనుషుల కష్టాలకు, వాళ్ల కన్నీళ్లకు కొదవ లేదు. అయితే పనిమనిషి అనే పేరు కూడా దక్కని ఒక సేవకురాలి కథ చెప్పిన చిత్రం ‘బోనా’. 1980 డిసెంబరులో మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రేక్షకుల ముందుకు వచ్చిన ఈ టగాలోగ్ చిత్రానికి లినో బ్రోకా దర్శకుడు. సెనెన్ రామోనెస్ రచయిత, కొన్రాడో బల్తజార్ ఛాయాగ్రాహకుడు. బోనాగా నోరా ఔనోర్, గార్డోగా ఫిలిప్ సాల్వడార్ నటించారు. 1981లో కాన్ చిత్రోత్సవంలోని ‘డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్’ విభాగంలో దీన్ని ప్రదర్శించారు. ఆ తర్వాత మంచి ప్రింటు దొరక్క ఏళ్ల తరబడి చాలామందికి ఇది పేరు మాత్రమే తెలిసిన సినిమాగా మిగిలిపోయింది. పునరుద్ధరించిన ప్రతిని 2024లో మళ్లీ కాన్‌లోనే చూపించడంతో కొత్త తరం ప్రేక్షకులు దీన్ని చూడగలుగుతున్నారు.

కథ

మనీలాలోని కియాపో ప్రాంతంలో ఏటా జనవరి 9న జరిగే నల్ల నజరేయుడి ఊరేగింపుతో చిత్రం మొదలవుతుంది. శిలువ మోస్తున్న ఏసు విగ్రహాన్ని ఒక్కసారి తాకితే చాలని వేలాది మంది ఒకరి మీద ఒకరు పడుతుంటారు. ఆ జనంలో బోనా కనిపిస్తుంది. తర్వాత ఆమెను చూసేది మరో గుంపులో. అది సినిమా షూటింగ్ చూడటానికి మూగిన జనం. ఒక గుంపు దేవుడి కోసం వచ్చింది, మరొకటి నటుడి కోసం. రెండింటిలోనూ బోనా కళ్లలో కనిపించే భక్తి ఒక్కటే.

బోనాది మధ్యతరగతి కుటుంబం. చదువు పక్కనపెట్టి గార్డో షూటింగుల చుట్టూ తిరుగుతుంటుంది. గార్డో పెద్ద హీరో ఏమీ కాదు. ఫైటింగ్ సినిమాల్లో హీరో చేతిలో దెబ్బలు తిని పడిపోయే చిన్నాచితకా వేషాలు అతనివి. మన స్టూడియోల భాషలో చెప్పాలంటే జూనియర్ ఆర్టిస్టు. ఒక రాత్రి కొందరు అతన్ని చితకబాదితే బోనా వెంట ఉండి సేవలు చేస్తుంది. ఇంటికి తిరిగి వచ్చిన కూతుర్ని తండ్రి బెల్టుతో కొడతాడు. ఆమె బట్టలు సర్దుకుని మురికివాడలోని గార్డో గుడిసెకు చేరుతుంది.

అక్కడి నుంచి చాకిరీ మొదలవుతుంది. వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడి నీళ్లు పట్టి మోసుకురావడం, వండిపెట్టడం, బట్టలు ఉతకడం, ఇల్లు ఊడవడం అన్నీ ఆమె పనులే. గార్డో ఇంటికి వచ్చేసరికి వేణ్నీళ్లు కాచి, అతన్ని కూర్చోబెట్టి స్నానం చేయించడం వాటన్నింటిలోకీ ముఖ్యమైన పని. అతను వేరే ఆడవాళ్లను ఇంటికి తెచ్చుకుంటే ఆమె ఆ పక్కనే సర్దుకుని పడుకుంటుంది. అతని వల్ల ఒక అమ్మాయి గర్భవతి అయితే గర్భస్రావానికి వెంట వెళ్లేదీ బోనాయే. పొరుగున ఉండే నీలో అనే యువకుడు ఆమెను గౌరవంగా చూస్తాడు. కానీ ఆమె చూపు గార్డో మీదే ఉంటుంది. నీలో మరో అమ్మాయిని పెళ్లి చేసుకుంటాడు.

ఈలోగా బోనా తండ్రి చనిపోతాడు. చివరిచూపు కోసం వెళ్లిన చెల్లెల్ని అన్న కొట్టి తరిమేస్తాడు. పుట్టింటి తలుపు అలా శాశ్వతంగా మూసుకుంటుంది. ఆమె గార్డో దగ్గరికి తిరిగి వస్తే అతను మామూలు విషయం చెప్పినట్టు చెబుతాడు: ఇల్లు అమ్మేస్తున్నాను, డబ్బున్న ఆవిడతో అమెరికా వెళ్తున్నాను, నువ్వు నీ దారి చూసుకో. ఆ మాట చెప్పాక స్నానానికి నీళ్లు పెట్టమంటాడు. బోనా నీళ్లు కాస్తుంది. ఈసారి అవి తెర్లేదాకా ఆగుతుంది. చన్నీళ్లు కలపకుండా అతని ఒంటి మీద కుమ్మరిస్తుంది. సినిమా అక్కడే ఆగిపోతుంది.

పగలో ఉన్న తేడా

అణగదొక్కిన వాళ్ల మీద సేవకురాలు పగ తీర్చుకోవడం మెలోడ్రామాకు పాత సరుకే. అలాంటి కథల్లో ఆమె రహస్యంగా పథకం వేస్తుంది, యజమాని రహస్యాలు పోగుచేస్తుంది, చివర్లో అందరి ముందూ అతన్ని నిలదీస్తుంది. ఆమె గెలిచిందన్న తృప్తితో ప్రేక్షకుడు లేచి వస్తాడు. బ్రోకానే 1976లో తీసిన ‘ఇన్‌సియాంగ్’లో ఇలాంటి లెక్క కొంత ఉంది. తల్లి ప్రియుడి అత్యాచారానికి గురైన ఆ అమ్మాయి తల్లి అసూయను వాడుకుని, ఆమె చేతులతోనే అతని ప్రాణం తీయిస్తుంది.

బోనా దగ్గర పథకమేమీ లేదు. ఆఖరి రోజు వరకు ఆమెకు గార్డో మీద ద్వేషం కూడా లేదు. ఆమె చేతికి అందిన ఆయుధం రోజూ చేసే పనిలోదే. అదే పొయ్యి, అదే గిన్నె, అవే నీళ్లు. స్నానానికి నీళ్లు గోరువెచ్చగా ఉండాలో, ఎంత చన్నీళ్లు కలపాలో ఆ ఇంట్లో ఆమెకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించని ఆ నైపుణ్యం ఒక్కరోజు ఎదురు తిరిగింది. చిత్రం పొడవునా మోసిన బిందెలను, కాచిన నీళ్లను బ్రోకా ఓపికగా చూపించింది ఈ ఒక్క నిమిషం కోసమే. అప్పటిదాకా ఆ పనిని పనిగా చూడని ప్రేక్షకుడు కూడా గార్డోతో పాటు ఉలిక్కిపడతాడు.

తర్వాత ఏమైందో సినిమా చెప్పదు. ఆసుపత్రి, పోలీసులు, శిక్ష ఏవీ తెర మీద కనిపించవు. ఆమెకు న్యాయం జరిగిందన్న భావనా కలగదు. తండ్రి తిరిగి రాడు, పుట్టిల్లు తలుపు తీయదు, పోయిన కాలం రాదు. ఒక మనిషి ఒళ్లు కాలింది, అంతే. బోనా చేసింది నేరమే. ఆ నేరాన్ని సినిమా దాచదు, మెచ్చుకోదు. అక్కడిదాకా ఆమెను నడిపించింది ఏమిటో మాత్రం వివరంగా చూపిస్తుంది.

ఆమె ఎవరు?

గార్డో ఇంట్లో బోనా స్థానం ఏమిటన్నది చిత్రానికి గుండెకాయ లాంటి ప్రశ్న. ఆమె భార్య కాదు, కాబట్టి ఆ ఇంటి మీద హక్కు లేదు. ప్రియురాలు అనుకుందామంటే అతను వేరే ఆడవాళ్లను ఆమె ముందే తెచ్చుకుంటాడు. పనిమనిషి అనుకుందామంటే జీతం లేదు, మానేస్తానని చెప్పే వీలూ లేదు. అభిమానిగా వచ్చింది. అభిమానానికి లెక్కాపత్రం ఉండదు. ఎంత చేసినా ఇష్టపడి చేసినట్టే, ఎంత తీసుకున్నా అప్పు పడనట్టే.

తెలుగులో దీనికి పాత మాట ఒకటి ఉంది, వెట్టి. దొర బలవంతం చేస్తే చేసేది వెట్టి. బోనాను ఎవరూ బలవంతం చేయలేదు. తనంతట తాను వచ్చి తలకెత్తుకుంది. అందుకే గార్డోకు తప్పు చేస్తున్నానన్న స్పృహ కూడా ఉండదు. అతను క్రూరుడైన విలన్ కాడు. సినిమాల్లో ఎవరూ పట్టించుకోని మనిషి, ఇంట్లో మాత్రం ఒకరికి దేవుడు. స్టూడియోలో తనకు దక్కని గొప్పతనాన్ని ఆ గుడిసెలో బోనా మీద అనుభవిస్తాడు. కిందివాడు తనకంటే కిందివాళ్లను వెతుక్కోవడం ఈ కథలోని చేదు నిజం.

నోరా ఔనోర్ ఎందుకు ముఖ్యం

ఈ పాత్రను ఔనోర్ పోషించడంలో మరో మలుపు ఉంది. 1953లో బికోల్ ప్రాంతంలోని ఇరిగాలో పేద కుటుంబంలో పుట్టిన ఆమె, చిన్నతనంలో రైల్వే స్టేషన్‌లో ప్రయాణికులకు నీళ్లు అమ్మేది. 1967లో ‘తావాగ్ నంగ్ తంగాలన్’ పాటల పోటీలో గెలిచి గాయనిగా, తర్వాత నటిగా ఎదిగింది. అప్పటి ఫిలిప్పీన్స్ తెర మీద తెల్లని మేనిఛాయ, స్పానిష్ పోలికలు ఉన్నవాళ్లే నాయికలు. పొట్టిగా, చామనఛాయతో ఉన్న ఔనోర్ ఆ కొలతను బద్దలుకొట్టింది. ‘నోరేనియన్లు’గా పేరుపడిన ఆమె వీరాభిమానుల్లో ఇళ్లల్లో పనిచేసే ఆడపిల్లలు, ఫ్యాక్టరీ కార్మికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. తమలాంటి ముఖాన్ని వాళ్లు మొదటిసారి తెర మీద చూశారు.

1978లో ఎడ్డీ గార్సియా దర్శకత్వంలో వచ్చిన ‘అత్సాయ్’లో ఆమె పల్లె నుంచి మనీలాకు వచ్చి యజమానుల చేతుల్లో నలిగిపోయే పనిమనిషిగా నటించింది. అత్సాయ్ అంటేనే పనిమనిషిని చిన్నచూపుతో పిలిచే మాట. ఆ సినిమాకు మెట్రో మనీలా ఉత్సవంలో ఉత్తమ నటన బహుమతి పొందింది. రెండేళ్లకు ‘బోనా’ వచ్చింది. దీన్ని నిర్మించింది ఆమె సొంత సంస్థ ఎన్‌వీ ప్రొడక్షన్స్. పనిమనుషులు ఆరాధించే తార, ఒక అభిమాని పనిమనిషిగా మారిన కథను తన డబ్బుతో తీయించి, ఆ అభిమాని వేషం తానే వేసింది. తనను ఆరాధించే వాళ్ల జీవితాన్ని అటువైపు నుంచి చూడటానికి సిద్ధపడిన తారలు ఎక్కడైనా అరుదు. చిత్రంలో చాలాసేపు ఆమెకు మాటలు తక్కువ. కోపం, అలసట, ఆశ అన్నీ కళ్లతోనే చెబుతుంది.

మార్కోస్ కాలంలో మురికివాడ

‘బోనా’ విడుదలైనప్పుడు ఫిలిప్పీన్స్ ఇంకా మార్షల్ లా కిందే ఉంది. 1972లో ఫెర్డినాండ్ మార్కోస్ విధించిన ఆ పాలనను 1981 జనవరిలో కాగితం మీద ఎత్తేశారు. విదేశీ అతిథులు వస్తే మురికివాడలు కనపడకుండా గోడలు కట్టించిన ప్రభుత్వం అది. అలాంటప్పుడు బ్రోకా కెమెరాను ఆ గోడల వెనక్కి తీసుకెళ్లాడు. 1975 నాటి ‘మనీలా ఇన్ ద క్లాస్ ఆఫ్ లైట్’ నుంచి ఆయన సినిమాల్లో ఇరుకు గుడిసెలు, బురద సందులు కథకు నేపథ్యంగానే కాక కారణంగానూ నిలిచాయి. 1979 నాటి ‘జాగ్వార్’ కూడా యజమాని-సేవకుడి కథే. ధనవంతుడు తనను స్నేహితుడిలా చూస్తున్నాడని నమ్మిన ఒక సెక్యూరిటీ గార్డు, అతని కోసం హత్య చేసి ఒంటరివాడవుతాడు. అందులో గార్డుగా నటించింది ఫిలిప్ సాల్వడారే. ఒక ఏడాది వ్యవధిలో బ్రోకా అతన్ని మోసపోయిన సేవకుడి నుంచి మోసం చేసే యజమానిగా మార్చాడు.

రాజకీయ నినాదం ఒక్కటీ లేకపోయినా ‘బోనా’ను ఆ కాలానికి అద్దంగా చూసే విమర్శకులు ఉన్నారు. అర్హత లేని వాడిని నెత్తిన పెట్టుకుని ఊడిగం చేసి, చివరికి వీధిన పడటం ఒక్క అమ్మాయి కథేనా అన్నది వాళ్ల ప్రశ్న. బ్రోకా తర్వాత నేరుగా నిరసనల్లోకి దిగాడు. 1985లో జీప్నీ డ్రైవర్ల సమ్మెకు మద్దతిచ్చి జైలుకు వెళ్లాడు. అదే ఏడాది రామన్ మెగసెసే అవార్డు అందుకున్నాడు. 1991లో కారు ప్రమాదంలో చనిపోయాడు.

తెర బయట

బోనా లాంటి వాళ్ల చాకిరీ తర్వాతి దశాబ్దాల్లో ఫిలిప్పీన్స్‌కు పెద్ద ఎగుమతి అయింది. లక్షలాది ఫిలిపినో మహిళలు హాంకాంగ్, సింగపూర్, గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లారు. 1995లో ఫ్లోర్ కాంటెంప్లాసియోన్ అనే పనిమనిషిని హత్యానేరం మీద సింగపూర్ ఉరితీయడంతో ఫిలిప్పీన్స్ అట్టుడికింది. అదే ఏడాది ఆమె కథను సినిమాగా తీస్తే ఆ పాత్ర వేసింది కూడా ఔనోరే.

గల్ఫ్ ఇళ్లల్లో ఈ మహిళల పక్కనే మన ఆడవాళ్లూ పనిచేస్తున్నారు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వెళ్లి ‘ఖద్దామా’గా పనిచేసే తెలుగు మహిళలకు వీసా యజమాని చేతిలో ఉండటం అంటే ఏమిటో తెలుసు. ఇంటి నాలుగు గోడల మధ్య జరిగేదానికి సాక్షి ఉండడు, పనివేళలకు హద్దు ఉండదు.

ఫిలిప్పీన్స్ ఈ విషయంలో ఒక అడుగు వేసింది. ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందాన్ని 2012లో ఆమోదించింది. 2013లో ‘బతాస్ కసంబహాయ్’ చట్టం తెచ్చింది. కసంబహాయ్ అంటే ఇంట్లో తోడుగా ఉండే మనిషి. రాతపూర్వక ఒప్పందం, నెలజీతం, రోజుకు ఎనిమిది గంటల విశ్రాంతి, వారానికో సెలవు, సామాజిక బీమా ఆ చట్టంలో ఉన్నాయి. భారత్ ఆ అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించలేదు. ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం తెచ్చే విషయాన్ని కమిటీ వేసి పరిశీలించాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పాల్సి వచ్చింది.

ఏ చట్టమైనా బోనాను కాపాడేదా అంటే చెప్పడం కష్టం. ఆమె ఎవరి దగ్గరా పనికి కుదరలేదు. ప్రేమ, భక్తి, కృతజ్ఞత పేరుతో జరిగే చాకిరీ ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. పని అని పిలవనిదానికి జీతం ఎవరూ అడగరు, అడిగినా ఎవరూ ఇవ్వరు.

మళ్లీ వెలుగులోకి

‘బోనా’ నెగెటివ్ ఫ్రాన్స్‌లో భద్రంగా ఉండటం ఈ చిత్రానికి కలిసివచ్చింది. కార్లొత్తా ఫిల్మ్స్, కాని రిలీజింగ్ సంస్థలు దాని నుంచి 4కె ప్రతిని సిద్ధం చేశాయి. 2022లో జాతీయ కళాకారిణిగా గౌరవం అందుకున్న ఔనోర్ 2025 ఏప్రిల్ 16న, 71 ఏళ్ల వయసులో కన్నుమూసింది. తన సినిమా మళ్లీ ప్రపంచం ముందుకు రావడం ఆమె చూడగలిగింది.

నాలుగు దశాబ్దాలు దాటినా ఈ సినిమా చూసినవాళ్లకు ముందుగా గుర్తొచ్చేది పొయ్యి మీద నీళ్ల చప్పుడే. ఆ నీళ్లు ఎవరు మోసుకొచ్చారు, ఎన్నాళ్లు మోసుకొచ్చారు అని గార్డో ఒక్కసారైనా అడిగి ఉంటే కథ వేరేలా ముగిసేదేమో. అతనికి ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. నీళ్లు ప్రతిరోజూ వేళకు సిద్ధంగానే ఉండేవి మరి.