చేప పేనుకు లవంగ నూనె పనిచేస్తుందా?

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చెరువులున్న కుటుంబాలకు చేప పేను బెడద కొత్త కాదు. ఎమిరేట్స్‌లో ఉద్యోగం చేస్తూ ఊళ్లో చెరువుకు పెట్టుబడి పంపేవాళ్లు, పురుగుమందులకు బదులు మొక్కల నూనెలు వాడొచ్చా అని ఆలోచిస్తుంటే ఈ వివరాలు ఉపయోగపడతాయి.

చేప పేను శాస్త్రీయ నామం ఆర్గులస్. ఇది రొయ్య, పీతల వర్గానికి చెందిన చిన్న జీవి, కంటికి కనిపిస్తుంది. శీలావతి, బొచ్చె ఒంటికి అతుక్కుని రక్తం పీలుస్తుంది. ఆ పుండ్లలో బ్యాక్టీరియా చేరుతుంది. చేప మేత తగ్గిస్తుంది, మచ్చలు పడితే ధర తగ్గుతుంది. రైతులు దీనికి సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ వంటి మందులు వాడుతుంటారు. పేనును చంపే మందు రొయ్యనూ చంపుతుంది. ఆ నీరు పక్క రొయ్యల చెరువులోకి వెళ్తే నష్టం పక్క రైతుకు.

మొక్కల నూనెలకు బలం ఉన్న మాట నిజమే. లవంగ నూనెలో యూజినాల్, వాము నూనెలో థైమాల్, ఒరెగానో నూనెలో కార్వక్రాల్ ఉంటాయి. ఇవి పరాన్నజీవుల కణాల పొరలను దెబ్బతీస్తాయి. ప్రయోగశాల తొట్లలో ఫలితాలు కనిపించాయి. వేపనూనె మాత్రం ఈ కోవలోది కాదు. అది గింజల నుంచి పిండే నూనె, ఆవిరయ్యే సుగంధ తైలం కాదు.

చిక్కంతా లెక్కలో ఉంది. ఎకరం చెరువులో 5 అడుగుల లోతుంటే సుమారు 60 లక్షల లీటర్ల నీరు. ఉదాహరణకు లీటరుకు 10 మిల్లీగ్రాములు అనుకుంటే 60 కిలోల నూనె కావాలి. అదే 1,000 లీటర్ల తొట్టికి 10 గ్రాములు చాలు. పైగా నూనె నీటిలో సరిగా కలవదు, ఒకచోట పలుచగా, మరోచోట చిక్కగా ఉంటుంది. లవంగ నూనె చేపలకు మత్తుమందు కూడా. మోతాదు మించితే చేపే చనిపోతుంది.

ఇంకొకటి, ఆడ పేను చేపను వదిలి గెడలు, రాళ్లు వంటి గట్టి వాటిపై గుడ్లు పెడుతుంది. చేపకు స్నానం చేయిస్తే ఆ గుడ్లు పోవు. అందుకే చెరువులో వెదురు గెడలు పాతి, కొన్నాళ్లకోసారి తీసి ఎండలో ఆరబెట్టడం ఖర్చులేని మంచి పద్ధతి. కొత్త పిల్లను వదిలేముందు పేను ఉందేమో చూడాలి. పంటకూ పంటకూ మధ్య చెరువు ఎండబెట్టాలి.

గల్ఫ్‌లో మనం ఇష్టంగా తినే హమూర్‌నూ పెంపకంలో చర్మపు పురుగులు పట్టుకుంటాయి. సముద్రపు చేప కాబట్టి దాన్ని కొద్ది నిమిషాలు మంచినీటి తొట్టిలో ఉంచితే అవి రాలిపోతాయి. అదీ తొట్టి వైద్యమే.

కాబట్టి మొక్కల నూనె తొట్టికి ఆలోచించదగ్గదే, చెరువుకు మాత్రం కాదు. నూనె డబ్బాలకు డబ్బు పంపేముందు, విజయవాడలోని సిఫా ప్రాంతీయ కేంద్రంలోనో స్థానిక మత్స్యశాఖ అధికారినో మోతాదు అడగమని ఇంటివాళ్లకు చెప్పండి.