సంతాన రొట్టె ఘాట్‌లో

మొహర్రం నెల. తెల్లారకముందే మైపాడులో బస్సెక్కారు మీరు. ఇప్పుడు నెల్లూరు స్వర్ణాల చెరువు మెట్ల మీద, జనం మధ్యలో ఇరుక్కుని నిలబడి ఉన్నారు. బారాషహీద్ దర్గా వైపు నుంచి సాంబ్రాణి పొగ వస్తోంది. మైకులో ఎవరో గొంతు చించుకుంటున్నారు: ఎర్ర చొక్కా, నాలుగేళ్ల బాబు, తప్పిపోయాడు, తల్లిదండ్రులు వెంటనే రావాలి. తొమ్మిదేళ్లుగా బిడ్డ కోసం చూస్తున్న మీకు ఆ మాట గుచ్చుకుంటుంది.

ఘాట్ పొడుగునా బోర్డులు. విద్య రొట్టె. ఉద్యోగ రొట్టె. వివాహ రొట్టె. ఫారిన్ వెళ్లాలనుకునేవాళ్లకి విదేశీ రొట్టె కూడా ఉంది. మీరు వెతుకుతున్న బోర్డు అదిగో, దాని కిందే జనం ఎక్కువ.

"కొంగు నెత్తిన కప్పుకోమ్మా" అంటుంది మీ అత్త. కప్పుకుంటారు. నీళ్లలో దిగుతారు.

ఇక్కడి లెక్క తేలిక. కోరిక తీరినవాళ్లు ఇంట్లో రొట్టె చేసి తెచ్చి, ఈ నీళ్లలో నిలబడి ఇస్తారు. అదే కోరిక ఉన్నవాళ్లు తీసుకుని తింటారు. తీరితే వచ్చే ఏడు మీరు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. హిందువా, ముస్లిమా అని ఎవరూ అడగరు. 2015లో ఈ రొట్టెల పండుగని రాష్ట్ర పండుగ చేశారు, లక్షల్లో వస్తారు. సంతాన రొట్టె దగ్గర ఒకటి మాత్రం గమనించండి. నీళ్లలో ఎక్కువగా ఆడవాళ్లే. మగవాళ్లు గట్టున చెప్పులకి కాపలా. మీ ఆయన కూడా అక్కడే, రొయ్యల గుంటల గురించి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

వెనక నుంచి తోపు. మెట్టు నాచు పట్టి ఉంది. కాలు జారుతుంది. రెయిలింగ్ దొరకదు. నీళ్లు నడుము దాకా. ఎవరిదో మోచెయ్యి. ఊపిరాడదు. అప్పుడే అత్త గొంతు, పక్కనావిడతో: "ఈ ఏడు చూస్తాం. లేదంటే వాడికి ఇంకో సంబంధం."

విన్నారు. కాళ్లు వణుకుతున్నాయి. ఒడ్డుకి పోవాలా? బస్సెక్కి అమ్మ దగ్గరికి పోవాలా? ఏడవాలా?

ఒక చెయ్యి మీ భుజం పట్టి నిలబెడుతుంది.

"ఎన్నేళ్లయింది తల్లీ?"

ఆమె చంకలో మూడేళ్ల పిల్ల. చేతిలో స్టీలు డబ్బా, అందులో గుడ్డలో చుట్టిన రొట్టెలు. మీరు చెప్తారు. "మాకు పదకొండేళ్లు పట్టింది" అంటుందామె. "రెండుసార్లు ఐవీఎఫ్. పొలం తాకట్టు పెట్టాం. ఇది శిశుగృహ నుంచి వచ్చింది."

పెంచుకున్న బిడ్డకి సంతాన రొట్టె ఇవ్వొచ్చా? మీరు అడగలేదు. మీ మొహం చూసి ఆమే అందుకుంటుంది: "అడిగింది బిడ్డని. వచ్చింది. మొక్కు చెల్లించొద్దా?"

రొట్టె తుంచి పెడుతుంది. బెల్లం తగులుతుంది నాలుకకి. అంచు కొంచెం మాడింది. ఏడుపూ వస్తుంది. రానివ్వండి. నెలనెలా బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఏడ్చే ఏడుపే ఇది. శ్రీమంతానికి పిలిస్తే జ్వరమని చెప్పి ఇంట్లో దాక్కున్న రోజుల ఏడుపు. ప్రపంచం మొత్తం మీద ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఈ కష్టం తగులుతోందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంటే ఈ ఘాట్‌లోనే కాదు, మీరొచ్చిన బస్సులో కూడా ఇంకెవరో ఉండి ఉంటారు. ఎవరూ నోరు విప్పరు, అంతే.

ఒడ్డుకి వస్తారు. చీర కుచ్చిళ్లు పిండుతూ ఆయన్ని చూస్తారు. స్కానింగులు మీకే అయ్యాయి. నాళాల్లోకి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీసిందీ మీకే. ఆయనకి ఇంతవరకు ఒక్క పరీక్ష లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు నుంచీ ఏదో ఒక కారణం ఉంటుంది. దానికి మొదటి పరీక్ష వీర్యపరీక్ష. కోత లేదు, సూది లేదు. దాన్ని వదిలేసి ఏళ్ల తరబడి ఆడదాని కడుపునే వెతకడం అన్యాయం.

"రేపు మీరు కూడా టెస్టు చేయించుకోవాలి" అంటారు.

"చూద్దాంలే."

"చూద్దాం కాదు. రేపే."

అత్త తల తిప్పి చూస్తుంది. చూడనివ్వండి.

ఆ తల్లి వెనకే వచ్చింది. మెట్టు మీద కూర్చుని పిల్ల గౌను ఆరేస్తూ చెప్తోంది. దత్తతకి కేంద్ర ప్రభుత్వ సంస్థ కారా పోర్టల్‌లో భార్యాభర్తలిద్దరూ కలిసి దరఖాస్తు పెట్టాలి, ఒకరికి ఇష్టం లేకపోతే కుదరదు. అధికారులు ఇంటికొచ్చి విచారిస్తారు. చిన్నపిల్లల కోసం ఏళ్లు ఆగాల్సిందే. చివరి ఉత్తర్వు కలెక్టర్ ఇస్తారు, 2022కి ముందు కోర్టు ఇచ్చేది. "ఎవరో ఆస్పత్రిలో బిడ్డ ఉంది, డబ్బిస్తే ఇప్పిస్తాం అంటారు. అటు పోవద్దు. అది కొనడం, జైలుకి పోతారు" అని గట్టిగా చెప్తుంది.

మైకు మళ్లీ అరుస్తోంది: ఎర్రచొక్కా బాబు దొరికాడు.

బస్సుకి ఇంకా టైముంది. ఈలోగా ఒక లెక్క వేసుకోండి. రెండేళ్లలోపు బిడ్డని దత్తత తీసుకోవాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు. మీకు 38, ఆయనకి 43. మొత్తం 81. ఏడాదికి రెండు చొప్పున పెరుగుతుంది. వైద్యం మానక్కర్లేదు, రొట్టె మానక్కర్లేదు. దత్తత మాటని మాత్రం అన్నీ అయిపోయాక చూద్దామని చివరికి నెట్టకండి. ఇవాళే ఇద్దరూ మాట్లాడుకోండి.