రాయి లెక్క, బొగ్గు లెక్క

నయాపూల్ అంటే కొత్త వంతెన. 1578 నాటి పురానాపూల్ అప్పటికే ఉంది కాబట్టి దీనికా పేరు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో ఇది కొట్టుకుపోతే మళ్లీ కట్టారు. వంతెన వయసుకు కాగితాలున్నాయి. హైదరాబాద్ అంతటా పరుచుకున్న గ్రానైటుకు ఏ కాగితమూ లేదు. తన వయసు సుమారు 250 కోట్ల ఏళ్లని ఆ రాయే చెప్పింది.

కరిగిన శిల గడ్డకట్టేటప్పుడు అందులో ఇసుక రేణువుల్లాంటి జిర్కాన్ స్ఫటికాలు ఏర్పడతాయి. అవి యురేనియాన్ని లోపలికి తీసుకుంటాయి, సీసాన్ని దాదాపుగా రానివ్వవు. లోపల చేరిన యురేనియం మాత్రం క్రమంగా సీసంగా మారుతుంది. యురేనియం-238లో సగం తరగడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది. ఎండకీ వానకీ ఆ వేగం మారదు. అంటే స్ఫటికంలో నేడు కనిపించే సీసం దాదాపుగా అక్కడే పుట్టింది. మిగిలిన యురేనియంతో దాన్ని పోలిస్తే రాయి గడ్డకట్టి ఎన్నాళ్లయిందో తేలుతుంది.

ఖనిజాల వయసును ఇలా కొలవొచ్చన్న ఆలోచన భౌతిక శాస్త్రవేత్త రూథర్‌ఫర్డ్‌ది. మూసీ వరదకు ఏడాది ముందు, 1907లో, అమెరికా రసాయన శాస్త్రవేత్త బోల్ట్‌వుడ్ సీసం లెక్కతో కొన్ని ఖనిజాల వయసులు ప్రకటించారు. ఐసోటోపుల (ఒకే మూలకంలో వేర్వేరు బరువులున్న పరమాణువుల) సంగతి అప్పటికి తెలియదు. అందుకే అంకెలు తప్పాయి గానీ దారి సరైనదే.

మన వాడుకలో ఏ పాత వస్తువుకైనా ‘కార్బన్ డేటింగే’. గ్రానైటుకు అది పనికిరాదు. 1940ల చివర రసాయన శాస్త్రవేత్త లిబ్బీ రూపొందించిన ఆ పద్ధతి ఒకప్పుడు ప్రాణమున్న వాటికే. చెట్టు బతికినన్నాళ్లూ గాలి నుంచి కార్బన్-14 తీసుకుంటుంది, చచ్చాక అది తరుగుతూ పోతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది. యాభై వేల ఏళ్లు దాటితే కొలవడానికి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

ఆ లెక్క తెలంగాణలో పనికొచ్చిన చోటు ఉమ్మడి పాలమూరు జిల్లా ఉట్నూరు (ఆదిలాబాద్ ఉట్నూరు కాదు). ఇక్కడి బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వారు. దక్కన్‌లో ఇలాంటి దిబ్బలను రాక్షసుల చితాభస్మమని జనం చెప్పుకునేవారు, కొలిమి చిట్టెమని కొందరు పండితులు వాదించేవారు. ఉట్నూరులో బయటపడింది పశువుల దొడ్డి: కంచె గుంజల గుంతలు, పశువుల గిట్టల గుర్తులు, మళ్లీ మళ్లీ కాలిన పేడ. నాకు అన్నిటికన్నా ఆ గిట్టల గుర్తులే ఇష్టం. అక్కడ దొరికిన బొగ్గు వయసు నాలుగు వేల ఏళ్లు దాటిందని కార్బన్ లెక్క తేల్చింది. చార్మినార్‌కు మూడున్నర వేల ఏళ్లకు ముందే ఈ నేల మీద ఎవరో సాయంత్రం పశువులను దొడ్డిలోకి తోలుతున్నారు.